అత్తగారు తోమిన రివాల్వర్

పొద్దున్నే పెనం మీద పెసరట్టు ఇంకా తిరగెయ్యకముందే గుడివాడలోని ఆ ఇంట్లో తన్నులాట మొదలైంది. పిచ్చేశ్వరరావు పెద్దకర్మ మొన్ననే అయింది. ఆయన బీరువాలోంచి తీసిన రివాల్వర్ కోసం కొడుకులిద్దరూ కొట్టుకుంటున్నారు. తండ్రి కళ్లజోడు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది.

"తాతయ్య చేత్తో పట్టుకున్న ఫోటోలో నల్లగా ఉంది, ఇదేమో తెల్లగా ఉంది. అసలుది నువ్వే మార్చేశావు!" అన్నాడు చిన్నవాడు మోహనకృష్ణ.

పెద్దవాడు ధనుంజయ్ చేతిలో గిన్నె విసిరాడు. తమ్ముడి కనుబొమ పగిలి రక్తం కారింది. అడ్డం వచ్చిన తన భార్య గాయత్రిని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. అచ్చం తండ్రి చెయ్యే. ఆ రివాల్వర్ వీడి చేతికొస్తే కోడలు బతకదని తల్లి మహాలక్ష్మికి భయం పట్టుకుంది.

లైసెన్సున్న మనిషి పోయాక ఆయుధం ఇంట్లో ఉంచకూడదు. ఆ పూటే తల్లీకొడుకులు దాన్ని బందరులో తుపాకుల డీలరు గౌస్ కొట్టుకి తీసుకెళ్లారు.

గౌస్ భూతద్దం పెట్టి చూశాడు. "గొట్టానికీ, చక్రానికీ, పిడికీ ఒకటే నెంబరు. 1917 ముద్ర. ఏదీ మార్చలేదు, అసలు సరుకే. చింతపండుతో తోమి తోమి నలుపు వదలగొట్టారంతే."

"మా అత్తగారండీ. ఆయుధపూజకి ఆవిడే తోమి పసుపుగుడ్డలో చుట్టేది. ఇంకొకళ్లని ముట్టనిచ్చేది కాదు," అంది మహాలక్ష్మి.

"కానీ వదినగారూ, ఇది పేలదు. తూటాని పొడిచే ముక్కుని ఎవరో ఆకురాయితో అరగదీశారు."

"చూశావా, నీ పనే!" అంటూ మోహనకృష్ణ అన్న గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ పడితే బల్ల అద్దం భళ్లున పగిలింది.

"ఆగండయ్యా! ఈ గీతల్లో ఎప్పటిదో తుప్పుంది. మీరు పుట్టకముందు పనిది!" అని అరిచాడు గౌస్.

మహాలక్ష్మికి ఆ రాత్రి గుర్తొచ్చింది. అప్పుడు తనకి నిండు నెలలు. తాగొచ్చిన భర్త ఇదే రివాల్వర్ తన నుదుటికి ఆనించి నొక్కాడు. టిక్. మళ్లీ నొక్కాడు. టిక్. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు వెంకటరత్నమ్మ, "అన్నం చల్లారిపోతోంది, రండి," అంది, అంతే. ఆ ఒక్క మాటకి మహాలక్ష్మి ఆవిణ్ణి క్షమించలేదు. పోయేముందు ఆవిడ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. ఆ రాత్రి తనని అమ్మవారే కాపాడిందనుకుని బెజవాడ వెళ్లి చీర పెట్టి వచ్చింది.

"అత్తయ్యా! ఒక్క మాట చెప్పకూడదా!" అని బావురుమంది.

"నాన్న ఎవరి మీద పేల్చబోయాడమ్మా?" అని అడిగాడు ధనుంజయ్.

"నా మీదేరా. కడుపులో నువ్వున్నావు."

తమ్ముడి చొక్కా పట్టుకున్న చెయ్యి దానంతటదే జారిపోయింది.

"గౌస్ గారూ, ఇది మా ఇంటికి రాదు. ప్రభుత్వానికి అప్పగించెయ్యండి," అని మహాలక్ష్మి పెద్దకొడుకు వైపు తిరిగింది. "మీ నానమ్మ చాటుగా చేసింది. నేను చాటుగా చెయ్యను. ఇంకోసారి గాయత్రి మీద చెయ్యెత్తితే స్టేషన్ మెట్లు నేనే ఎక్కుతాను."

ఇంటికొచ్చాక ధనుంజయ్ తల వంచుకుని, "నన్ను క్షమించు," అన్నాడు. గాయత్రి నుదుటి వాపు మీద తడిగుడ్డ అద్దుకుంటూ అత్తగారి పక్కకొచ్చి నిలబడింది.

మహాలక్ష్మి గోడ మీది వెంకటరత్నమ్మ ఫోటో దించి కొంగుతో తుడిచింది. ఫోటోలో ఒళ్లో పెట్టుకున్న ఆ చేతుల మీద తన చెయ్యి ఆనించింది.

"అన్నం చల్లారిపోతోంది, రండి అత్తయ్యా," అంది.