మూడు కిలోల రుజువు

ఫైల్లో మొదటి ఫోటో చూడగానే ఏజెంట్ హరిలాల్ గుండె ఝల్లుమంది. ఒంటినిండా నగలతో తూకం మిషన్ మీద నిలబడి ఉన్నది అతని తల్లి తారి!

2013 మార్చి. కామారెడ్డి స్టేషన్ పక్కన లాడ్జి గది. చీఫ్ దివాకర్ గొంతు తగ్గించాడు.

"మలబారు చింతపండు సారంతో ఒళ్లు తగ్గించే క్యాప్సూల్. పాత పరిశోధనల్లో రోజుకు పదిహేను వందల మిల్లీగ్రాములు వాడారు. ఫలితం అంతంతమాత్రం. విదేశీ వాల్టర్ ముఠా మీ తండా ఆడవాళ్ల చేత ఆరువేలు మింగిస్తోంది. మీ అమ్మకు కామెర్లు కనపడుతున్నాయి. ఇంకో డోసు పడితే కాలేయం తట్టుకోదు."

"ఎందుకు మింగుతున్నరు సార్?"

"బలం గోళీలని చెప్పారు. ఎనిమిది వారాల్లో మనిషికి మూడు కిలోలు తగ్గాయట. పదకొండింటికి ఎల్లారెడ్డిలో కొనుగోలుదారుల ముందు చివరి తూకం, చివరి డోసు. అది బూటకమని రుజువు చెయ్. ఊరికే పట్టుకుంటే రేపు ఇంకో ఊళ్లో దుకాణం తెరుస్తారు."

కడుపునిండా తిండిలేని మనుషులకు ఒళ్లు తగ్గించే మందు! హరిలాల్ పళ్లు పటపట కొరికాడు.

నల్ల కళ్లజోడు, అతికించిన మీసం, చొక్కా గుండీలో కెమెరా. తూకం మిషన్ మెకానిక్‌గా ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టాడు. హైహీల్స్ టకటకలాడిస్తూ ముఠా మేనేజరు ప్రమోద ఎదురొచ్చింది.

"తిండికి ఎంత ముందు?" అని అడిగింది.

"అరగంట."

కోడ్ కలిసింది. జీతం వాల్టర్ దగ్గర, పని మాత్రం మనకు.

"తలుపులు నేను చూసుకుంట," అని గుసగుసలాడి వెళ్లిపోయింది.

స్టేజి మీద తెల్ల గౌన్లలో పదిమంది ఆడవాళ్లు. అందరికంటే ముందు, తూకం మిషన్ మీద తారి. ఆమె కళ్లు పచ్చబడి ఉన్నాయి.

"మొదటిరోజు నలభై అయిదు. ఇవాళ నలభై రెండు!" వాల్టర్ ముల్లు చూపించాడు. చప్పట్లు మోగాయి. తారి అరచేతిలో గుప్పెడు క్యాప్సూళ్లు పోశాడు. ఆమె వాటిని నోటిదాకా తెచ్చింది.

హరిలాల్ ఒక్క దూకులో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"యాడీ, మింగకు!"

"హర్యా! నువ్వారా?"

"నగలేవి యాడీ?"

"ఫోటో దింపుతరంటే మొదటిదినం అన్నీ వేసుకొని వచ్చిన. ఇయ్యాల కెమెరాల మెరుస్తున్నయని తీయించిన్రు. గా మూటల ఉన్నయ్."

లంబాడీ ఆడది పండుగకైనా ఫోటోకైనా గాజులు, కడియాలు, బిళ్లలు లేకుండా రాదని ఏ విదేశీ మేధావికీ తట్టలేదు. హరిలాల్ మూట తెచ్చి తల్లి చేతికిచ్చాడు. ముల్లు కదిలింది. నలభై అయిదు!

మిగతా తొమ్మిదిమందీ తమ మూటలు పైకెత్తారు. వాల్టర్ చెయ్యి కోటులోకి వెళ్లింది. అప్పటికే ప్రమోద పిస్తోలు అతని మెడకు ఆనింది. తలుపుల బయట పోలీసులు నిలబడ్డారు.

తల్లిని ఆస్పత్రి జీపు ఎక్కిస్తుండగా చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్! ఆ రుజువు సీలు చేసి నాకు పంపు."

"కష్టం సార్," అన్నాడు హరిలాల్. "మా యాడి తొడుక్కున్నది."