తొంభై దాకా

సూర్యకళ గురక పెడుతుందన్న సంగతి ఆవిడకి తప్ప ఆ వీధిలో అందరికీ తెలుసు. భీమవరం శివార్లలో ఐసు ఫ్యాక్టరీ, దాని వెనకే ఇల్లు. కంప్రెసరు రాత్రంతా ధడధడలాడుతూనే ఉంటుంది. ఆ మోతలో కూడా అమ్మగారి గురక వేరే వినపడుతుందని చిన్నమ్మాయి అనే వంటమనిషి అందరికీ చెప్పి నవ్వేది. భర్త పోయాక పధ్నాలుగేళ్లుగా ఫ్యాక్టరీని ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి, గురకలూ మరకలూ పట్టించుకునే తీరిక లేనిది. కానీ రొయ్యల లారీలవాళ్లతో మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలో తల వాల్చేయడం మొదలయ్యాక పట్టించుకోక తప్పలేదు. ఓ మధ్యాహ్నం చెక్కు మీద సంతకం పెడుతూ, పేరు సగంలో ఉండగా నిద్రపోయింది.

2007 ఆషాఢంలో రాజమండ్రి వెళ్లి, ఆస్పత్రిలో ఒక రాత్రి పడుకుని పరీక్ష చేయించుకుంది. తలకీ ఛాతీకీ వైర్లు అంటించారు. పొద్దున్నే డాక్టరు కాగితాలు తిప్పుతూ, "గంటకి నలభై రెండుసార్లు మీకు ఊపిరి ఆగుతోందండి," అన్నాడు.

"ఆగి?"

"మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మళ్లీ తీసుకుంటారు. అందుకే ఎంతసేపు పడుకున్నా మీరు నిద్రపోనట్టే లెక్క."

"లేపకపోతే?"

డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు. "మిషన్ పెట్టుకుంటే ఆ గొడవే ఉండదండి."

మిషనంటే చెప్పుల డబ్బా అంత పెట్టె. దాన్నించి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే మాస్కు. రాత్రంతా గాలి తోస్తూ ఉంటుంది, గొంతు మూసుకుపోకుండా. మొదటి రాత్రి అది తగిలించుకుని మంచం మీద కూర్చుంటే చిన్నమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆయ్, అచ్చం వినాయకుడిలా ఉన్నారండి అమ్మగారూ. ఉండ్రాళ్లు వండమంటారా?"

"ముందు లైటార్పి పో," అంది సూర్యకళ ముక్కుతో.

మర్నాడు పొద్దున్న లేస్తే ఏళ్ల తరబడి మోస్తున్న బరువేదో దించినట్టనిపించింది. తల నొప్పి లేదు, కళ్లు మూతలు పడటం లేదు. పదిహేను రోజులు అలా హాయిగా గడిచాయి.

పదహారో రోజు మిషన్లో ఉన్న చిన్న కార్డు తీసుకుని మళ్లీ రాజమండ్రి వెళ్లింది. మిషన్ అమ్మిన శ్యాంబాబుది ఆస్పత్రి ఎదురుగా చిన్న షాపు. నలభై దాటిన మనిషి, కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. కార్డు కంప్యూటర్లో పెట్టి ఒక్కొక్కటే చూపించాడు.

"ఇది రోజుకి ఎన్ని గంటలు పెట్టుకున్నారోనండి. ఇది మాస్కు పక్కల్నించి ఎంత గాలి కారిపోయిందో. ఇదేమో ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో. గంటకి నలభై రెండు కాస్తా రెండుకి దిగింది చూశారా?"

ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఐసు ఫ్యాక్టరీలో గంటగంటకీ మీటర్లు చూసి ప్రెషరు, టెంపరేచరు పుస్తకంలో రాయాలి. రాత్రి డ్యూటీ ఆపరేటరు నిద్రపోయి, తెల్లారాక ఊహించి నింపేస్తే ఒక్క చూపులో పట్టేస్తుంది. నిజం అంకెలు కాస్త అటూ ఇటూ తూలుతాయి. కూర్చుని రాసిన అంకెలు వరసలో నిలబడతాయి. కార్డులో అంకెలన్నీ తూలుతున్నాయి, ఒక్క వరస తప్ప.

"ఇదేంటండీ?" అని వేలు పెట్టింది.

ప్రతి రాత్రీ రెండూ నలభైకి ఊపిరి ఒకసారి ఆగింది. మొదటి రాత్రి ఇరవై రెండు సెకన్లు. రెండో రాత్రి ఇరవై ఆరు. మూడో రాత్రి ముప్ఫై. నాలుగేసి చొప్పున పెరుగుతూ నిన్న రాత్రికి డెబ్భై ఎనిమిది.

శ్యాంబాబు కళ్లజోడు కిందకి దించుకున్నాడు.

"గొంతు మూసుకుపోలేదండి. దారి తెరిచే ఉంది. మీరే తీసుకోవట్లేదు." తెర మీది గీత చివర పెన్నుతో చూపించాడు. "ఇక్కడ ఒక్కసారి ఎగిరింది చూడండి. పక్కనున్నవాళ్లు తట్టి లేపితే ఇలా వస్తుంది. మీ పక్కన ఎవరు పడుకుంటారండీ?"

"ఎవరూ పడుకోరు."

"అయితే మీరే కదిలి ఉంటార్లెండి."

డాక్టరుకి ఫోన్ చేశాడు. ప్రెషరు కాస్త పెంచి, మూడు రాత్రులు చూసి మళ్లీ తీసుకురమ్మన్నారు.

తిరుగు ప్రయాణంలో తణుకు దాటేదాకా సూర్యకళ కారులో వేళ్లు మడుస్తూనే ఉంది. ఎనభై రెండు. ఎనభై ఆరు. మూడో రాత్రికి తొంభై.

అక్కడ వేళ్లు ఆగిపోయాయి. ఆ తొంభై ఎక్కడిదో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

భర్త పల్లంరాజు భారీ మనిషి, ఆయనదీ ఇదే గురక. అప్పట్లో అదో జబ్బని ఎవరికీ తెలీదు. గురక ఆవిణ్ణెప్పుడూ లేపలేదు. గురక ఆగితే మెలకువ వచ్చేది. మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిస్తే ఆయన ఎగిరిపడి, ఊపిరి లాగి, అటు తిరిగి మళ్లీ మొదలెట్టేవాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో అలా ఎన్ని వేలసార్లు పొడిచిందో. 1993లో ఒకసారి కంప్రెసరు పాడై మూడు రాత్రులు ఇద్దరికీ నిద్రల్లేవు. మూడో రోజు సాయంత్రం ఆయన పనివాళ్లందరి ముందూ ఆవిణ్ణి నానా మాటలూ అన్నాడు. ఆ రాత్రి గురక ఆగింది. ఆవిడకి మెలకువ వచ్చింది. గడియారంలో రెండూ నలభై. మోచెయ్యి ఎత్తింది. ఎత్తి, దించేసింది. రోజూ నేనే లేపాలా, తనంతట తను తీసుకుంటాడో లేదో చూద్దాం అనుకుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. తొంభై దాకా గుర్తుంది. తర్వాత నిద్ర ముంచుకొచ్చింది.

నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టర్లు. నాకు మెలకువే రాలేదని ఆవిడ అందరికీ చెప్పింది. ఈ పధ్నాలుగేళ్లూ అదే చెప్పింది.

ఆ రాత్రి చిన్నమ్మాయిని తన గదిలో చాప వేసుకుని పడుకోమంది. రెండున్నరకి అలారం పెట్టి ఇచ్చింది. "ఊపిరి తీసుకోవట్లేదనిపిస్తే తట్టి లేపు. భయపడకు."

పొద్దున్న లేచేసరికి చాప చుట్టేసి ఉంది. చిన్నమ్మాయి వసారాలో గోడకి ఆనుకుని కూర్చుంది, పక్కన బట్టల సంచి.

"తట్టావా?"

"లేదండి."

"ఎందుకని?"

"లెక్కపెడుతున్నారు కదండీ. మధ్యలో లేపితే కేకలేస్తారేమోనని..."

సూర్యకళ గొంతు తగ్గించింది. "ఎవరే లెక్కపెట్టింది?"

"మీరేనండి. ఎక్కాలు అప్పజెప్పినట్టు, మెల్లిగా." చిన్నమ్మాయి ఆవిడ మొహం చూడటం లేదు. "లైటేసి చూశానండి. మీ నోరు మూసే ఉంది. గొంతు మాత్రం మీదే."

"ఎక్కడ్నించి వచ్చింది?"

"మంచానికి అవతలి పక్కనుంచండి."

"ఎంతదాకా?"

"ఎనభై రెండు. అప్పుడు మీరు ఎగిరిపడి ఊపిరి తీసుకున్నారు. ఎవరో పొడిచినట్టు." సంచి చంకలో పెట్టుకుని లేచింది. "మా ఆడపడుచుకి బాగోలేదంటండి. వెళ్లొస్తాను."

ఆ ఆడపడుచు నిన్ననేగా మినపసున్నుండలు తెచ్చిచ్చింది అనబోయి సూర్యకళ ఊరుకుంది.

రెండో రాత్రి మిషన్ జోలికి పోలేదు. ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ట్యూబులైటు కింద కూర్చుంది, ఫ్లాస్కు నిండా కాఫీ పెట్టుకుని. గోడ అవతల కంప్రెసరు, నీళ్ల చప్పుడు, ఘాటుగా అమ్మోనియా వాసన. ఐసు దిమ్మలు జారుతుంటే పనివాళ్ల అరుపులు. ఇంత సందట్లో ఎవరొస్తారు అనుకుంది. అనుకుంటూనే నిద్రపోయింది.

ఎడమ డొక్కలో పోటుకి లేచింది.

గదిలో ఎవరూ లేరు. గడియారం రెండూ నలభై ఒకటి దాటింది. తర్వాత అద్దం ముందు జాకెట్టు పైకి తీసి చూసుకుంటే, పక్కటెముక మీద రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ.

ఇది మిషన్ వల్ల జరుగుతున్నది కాదన్నమాట. అది చూసింది చూసినట్టు రాస్తోంది, అంతే. అయితే అది పెట్టుకోవడమే మంచిదనుకుంది. ఏం జరిగినా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

మూడో రాత్రి మంచం మీద ఎప్పటిలా కుడి పక్కనే పడుకుంది. ఎడమ పక్క ఖాళీ. మాస్కు బిగించుకునేముందు చీకట్లోకి చూసి, ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"ఏమండీ. ఆ రాత్రి నేను మెలకువగానే ఉన్నానండి."

మిషన్ సన్నగా గాలి తోస్తోంది. ఇంకే చప్పుడూ లేదు.

"కోపమొచ్చి లెక్కపెట్టాను. చచ్చిపోతారనుకోలేదు."

మాస్కు బిగించుకుని కళ్లు మూసుకుంది.

ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీదు. మెలకువ మాత్రం తెలిసింది. గాలి ముక్కులోకి వస్తోంది... లోపలికి పోవటం లేదు. పీల్చాలని చూసింది. ఛాతీ కదల్లేదు. చెయ్యి కదల్లేదు. కనురెప్పలు కూడా.

ఎడమ పక్క పరుపు కాస్త కుంగి ఉంది.

"అరవై ఒకటి..."

తన గొంతే. ఇప్పటిది కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులోని గొంతు. విసుగు, అలసట, కాస్త కోపం.

"అరవై రెండు..."

పొడువ్వే. ఒక్క పోటు పొడువు... అరుద్దామనుకుంది. నోరు పెగల్లేదు. చెవుల్లో హోరు. కళ్ల ముందు ఎర్రటి చుక్కలు.

"ఎనభై ఆరు... ఎనభై ఏడు..."

మోచెయ్యి లేస్తున్న అలికిడి. గాజులు జరిగాయి.

"తొంభై."

ఎదురుచూసింది.

మోచెయ్యి మెల్లిగా దిగింది. గాజులు మళ్లీ జరిగాయి. పక్కన ఎవరో ఆవలించారు... దుప్పటి లాక్కుని, అటు తిరిగి పడుకున్నారు.

తెల్లారింది. కాకులు అరుస్తున్నాయి. సూర్యకళ లేచి కూర్చుంది. మాస్కు తీసింది. చేతులు చూసుకుంది, కాళ్లు చూసుకుంది. బతికే ఉంది. స్నానం చేసి, కార్డు కాగితంలో చుట్టి, డ్రైవరు వెంకన్నని కారు తియ్యమంది.

పదకొండింటికి శ్యాంబాబు కంప్యూటర్ ముందు కూర్చుని రెండుసార్లు కార్డు తీసి పెట్టాడు.

"రాత్రి మధ్యలో మాస్కు తీసేశారాండీ?"

"లేదు."

"మాస్కు తీస్తే గాలి కారినట్టు చూపిస్తుందండి. కారలేదు. మొహానికే ఉంది." పెన్ను తెర మీద ఆనించాడు. "రెండూ నలభైకి ఊపిరి ఆగింది. ఆరింటిదాకా గీత సాపుగా ఉంది. మూడు గంటలా ఇరవై నిమిషాలు. కార్డు పాడై ఉంటుందండి. పాడవ్వాలి."

"ఆరింటికి?"

"మళ్లీ మొదలైందండి. కానీ ఇది మీ ఊపిరిలా లేదు." నవ్వబోయి మానేశాడు. "మీది చిన్నది, నిమిషానికి పధ్నాలుగు. పదిహేను రాత్రులవి చూశాను కదండీ. ఇది తొమ్మిదే. లోతుగా... బరువుగా. ఎవరో భారీ మగమనిషిది."

ఇంకో కార్డు ఇస్తానన్నాడు. ఆవిడ తీసుకోకుండానే లేచింది.

గోదావరి బ్రిడ్జి మీద లారీ చెడిపోయి కార్లన్నీ ఆగాయి. కింద రైలు పోతుంటే బ్రిడ్జి అదురుతోంది. వెంకన్న దిగి ముందుకెళ్లాడు. సూర్యకళ వెనక సీట్లో ఒక్కతే కూర్చుని, నోరు గట్టిగా మూసి, రెండు వేళ్లతో ముక్కు పట్టుకుంది. లోపల్లోపలే లెక్కపెట్టింది. ముప్ఫైకి ఆయాసం రాలేదు. అరవైకి రాలేదు. తొంభై దాటింది. నూట ఇరవై దాటింది. వేళ్లు ఇంకా గట్టిగా నొక్కింది.

అప్పుడు తల వంచి చూసుకుంది.

పైట మెల్లిగా, బరువుగా లేస్తూ దిగుతూ ఉంది.