ద్రాక్షపందిరి మీద వల

“తాతయ్యా, ఇంకో గుత్తి ఖాళీ చేసేశాయి,” అంటూ తూనీగ పెరట్లోకి పరుగెత్తింది.

ఆమె చప్పట్లు కొట్టగానే పందిరి మీదున్న రెండు పికిలిపిట్టలు ఎగిరి గోడ మీద వాలాయి. నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. విందు భోజనం ముగించిన పెద్దమనుషుల్లా తాపీగా ముక్కులు గోడకు తుడుచుకున్నాయి.

తూనీగ అసలు పేరు వేరే ఉంది. ఒక్కచోట నిలవదని ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. ఒక చెప్పు గుమ్మంలో వేసుకుంటే, రెండోది దారిలో వేసుకునే రకం. అలాంటి పిల్ల ఈ వేసవంతా ఒక్క రోజు కూడా మానకుండా ద్రాక్షతీగకు నీళ్లు పోసింది. ఇప్పుడు ఎండలు తగ్గుముఖం పట్టాయి. టమాటాలు ఎర్రబడ్డాయి. పందిరి నిండా ద్రాక్షగుత్తులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. బడి తెరవగానే క్లాసులో అందరికీ పంచుతానని తూనీగ ముందే చాటింపు వేసేసింది.

“స్టోర్ రూంలో పాత వల ఉంది, పందిరి మీద కట్టుకో,” అంది అమ్మ, టైలరింగ్ షాపుకు బయల్దేరుతూ. “కానీ నాలుగు వైపులా లాగి బిగించాలి. వదులుగా వేలాడితే పిట్టలు ఇరుక్కుంటాయి.”

“సరేనమ్మా,” అంది తూనీగ. సగం మాటే చెవికెక్కింది.

స్టూలెక్కి వల విసిరింది. రెండు మూలలు ముడి వేసింది. మూడో మూలను ఒక మేకుకు తగిలించింది. నాలుగో మూలకు వచ్చేసరికి విసుగు పుట్టింది. వల ఆ వైపు ఆరేసిన దుప్పటిలా వేలాడుతూ ఉండిపోయింది.

“రేపు బిగిస్తాలే,” అనుకుని సైకిలెక్కి వెళ్లిపోయింది.

ఆ రేపు రానే వచ్చింది. బిగించడం మాత్రం గుర్తు రాలేదు.

మధ్యాహ్నం తూనీగ బొమ్మలు గీసుకుంటుంటే పెరట్లో పిట్ట అరుపు వినిపించింది. రోజూ వినే కూత కాదది. ఎవరో గొంతు పట్టుకున్నట్టుగా ఉంది. తూనీగ బొమ్మలు వదిలేసి బయటికి పరుగెత్తింది.

వదులుగా ఉన్న వలలో ఒక పికిలిపిట్ట తలకిందులుగా వేలాడుతోంది. కాలికి, రెక్కకు దారాలు చుట్టుకుపోయాయి. కొట్టుకునే కొద్దీ ఇంకా బిగుసుకుంటున్నాయి. దాని జంటపిట్ట పందిరి చుట్టూ తిరుగుతూ ఒకటే అరుస్తోంది.

తూనీగ వల పట్టుకుని గట్టిగా గుంజింది. పిట్ట కీచుమంది.

“ఆగమ్మా, లాగకు,” అంటూ తాతయ్య చేతికర్రతో వచ్చాడు. “రెక్క విరుగుతుంది.”

తాతయ్య ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు కాఫీ కప్పు పట్టుకున్నా వేళ్లు వణుకుతాయి.

“నువ్వే తీయి తాతయ్యా.”

“నా చేతులు చూశావుగా. నువ్వే తీయాలి. మీ అమ్మ దారాలు కత్తిరించే చిన్న కత్తెర పట్టుకురా. మెత్తటి గుడ్డ కూడా.”

తూనీగ తెచ్చింది. కానీ కత్తెర పట్టుకున్న చేయి ఆగడం లేదు.

“నా వల్ల కాదు తాతయ్యా. నేను కదలకుండా ఉండలేను. నీకు తెలుసుగా.”

“నాకూ చిన్నప్పుడు అంతే. మా గురువుగారు ఒక కిటుకు చెప్పారు. ఊపిరి వదులుతూ పని చెయ్యి. వదిలేటప్పుడు చెయ్యి వణకదు. ముందు దాని కళ్లు కప్పు. చీకటైతే భయం తగ్గుతుంది.”

తూనీగ పిట్ట తల మీద గుడ్డ కప్పి, ఎడమ చేత్తో మెల్లగా పట్టుకుంది. గుప్పిట్లో దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. ఇంత చిన్న పిట్టకు ఇంత పెద్ద భయమా అనుకుంది.

ఊపిరి వదిలింది. ఒక దారం తెగింది. మళ్లీ వదిలింది. ఇంకొకటి.

గుడ్డ జారడంతో పిట్ట తూనీగ వేలిని పొడిచింది. చురుక్కుమంది. తూనీగ పెదవి కొరుక్కుంది కానీ చెయ్యి కదపలేదు. ఓ చీమ మోచేతి మీద పాకింది. దాన్నీ పాకనిచ్చింది. చెమట కంట్లోకి కారినా తుడుచుకోలేదు. కాలి దారాలన్నీ తెగాయి. రెక్క కిందున్న చివరి దారం మాత్రం ఈకల్లో మునిగిపోయి ఉంది.

“తొందర లేదమ్మా,” అన్నాడు తాతయ్య. “కనిపించేదాకా చూడు.”

తూనీగ చూసింది. కనిపించింది. టక్కున తెగింది.

పిట్ట అరచేతిలో అలాగే ఉండిపోయింది. చచ్చిపోయిందా? గోడ మీద జంటపిట్ట ఒక్కసారి పిలిచింది. అంతే, అరచేతి మీద చిన్న కాళ్లు గట్టిగా తన్నాయి. పిట్ట సర్రున లేచి, పందిరి దాటి, గోడ దాటి, ఆకాశంలోకి దూసుకుపోయింది. రెండోది దాని వెనకే ఎగిరింది.

“ఎగిరింది తాతయ్యా, ఎగిరింది,” అంటూ తూనీగ పెరడంతా గెంతింది. తాతయ్య చేతికర్ర పైకెత్తి ఊపాడు.

సాయంత్రం అమ్మ చెప్పులైనా విప్పకముందే తూనీగ ఎదురెళ్లింది. “నేనే వల వదులుగా వదిలేశానమ్మా. పిట్ట ఇరుక్కుంది. మళ్లీ నేనే విడిపించాను.”

పిట్ట పొడిచిన వేలు పట్టుకుని చూసింది అమ్మ. “ఇంత ఓపిక ఎక్కడ దాచావే ఇన్నాళ్లూ?” అని నవ్వి, వేలికి మందు రాసింది.

మర్నాడు పొద్దున తూనీగ వల మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టింది. ప్రతి మూలా లాగి, రెండేసి ముళ్లు వేసింది. అంచు పొడవునా బట్టల క్లిప్పులు పెట్టింది. ఎక్కడైనా వేలు దూరేంత ఖాళీ కనిపిస్తే, విప్పి మళ్లీ కట్టింది.

“ఆ గోడవైపు కొమ్మ వదిలేశావే?” అంది అమ్మ.

“అది వాళ్ల వాటా.”

వల మీద అరచేత్తో కొట్టి చూసింది. డప్పు తోలులా బిగిసి ఉంది. తూనీగ స్టూలు దిగి, గుమ్మంలో కూర్చుంది.

కాసేపటికి ఓ పికిలిపిట్ట వచ్చి సరిగ్గా వల నడిమధ్యన వాలింది. తూనీగ ఊపిరి బిగబట్టింది. బిగుతుగా ఉన్న వల పిట్టను బంతిలా పైకి ఎగరేసింది. పిట్ట తడబడి, తోక సర్దుకుని, గోడవైపు కొమ్మకు ఎగిరి, బాగా నల్లబడ్డ పండు ఒకటి చూసుకుని ముక్కుతో పొడిచింది.