గంగమణి మీద పడ్డ మాట

డెబ్బై ఎనిమిది వానాకాలం. బాన్సువాడ బస్టాండు ఎదుట డిటెక్టివ్ హరనాథబాబు ఆఫీసు. కుర్చీ చూపించినా పోసవ్వ కూర్చోలేదు.

"నా బిడ్డ గంగమణి కాలువల దుంకి సచ్చిపోయింది సారూ. కాలువ ఆఫీసరు ముంగట బట్టలిప్పిందని మొగడు ఎల్లగొట్టిండు. గా మాట పుట్టిచ్చినోడెవడో నాకు తెల్వాలె."

అసిస్టెంటు శివరాం కాగితం తీసి రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి ఇద్దరూ పోసవ్వ ఊరు చేరారు. గంగమణి ఇంటి వాకిట్లో రెండు బర్రెలు మేత లేక అరుస్తున్నాయి. అల్లుడు వెంకట్రాములు తలెత్తలేదు.

"ఆఫీసరు ఏమన్నాడు?"

"కాలువ గట్టు జూడనొచ్చి, 'గంగమణి డెన్యూడెడ్' అని ఇంగ్లీషుల కోపానికొచ్చిండు. దూరంకెల్లి గంతే ఇన్న."

"అర్థం ఎవరు చెప్పారు?"

"ఊళ్లె... ఎవరో."

"ఎవరో చెబితే పెళ్లాన్ని వెళ్లగొట్టావా?"

వెంకట్రాములు లేచి బర్రెల దగ్గరికి వెళ్లాడు.

కాలువ గట్టు మీద గడ్డిపరక లేదు. వానకు మన్ను కోసుకుపోతోంది. శివరాంకి అందులో వింతేమీ కనిపించలేదు. హరనాథబాబు మాత్రం చాలాసేపు నిలబడ్డాడు.

గంగమణి తమ్ముడు పండరి పొలంలో పురుగుమందు కొడుతున్నాడు. "నాకు ఇంగ్లీషు రాదు సార్," అన్నాడు అడగకముందే. శివరాం గట్టున ఉన్న డబ్బా అందుకోబోతే, "ముట్టకుండ్రి! పాయిజన్ అని రాసుంది!" అని అరిచాడు. ఆ డబ్బా మీద తెలుగక్షరం ఒక్కటీ లేదు.

కాలువ ఆఫీసరును కలిసి వచ్చాక, హరనాథబాబు అందరినీ పోసవ్వ వాకిట్లో కూర్చోబెట్టాడు.

"వెంకట్రాములూ, పరాయివాడు చెబితే నువ్వు నమ్మేవాడివి కాదు. ఆమె సొంత తమ్ముడే చెప్పాడు. అత్తకు మిగిలింది వాడొక్కడేనని పేరు దాస్తున్నావు."

పండరి గోడకు జారగిలబడ్డాడు. "బావ అడిగిండు. తెల్వదంటే నామోషీ అనిపిచ్చింది. న్యూడ్ అంటే బట్టల్లేకుండ అని సినిమా పోస్టర్ల జూసిన. గదే అనుకున్న సార్. అక్క గిట్ల జేస్తదనుకోలే."

"నువ్వు ఆ మాట తోక ఒక్కటే పట్టుకున్నావు. డెన్యూడ్ అంటే పైనున్నది ఒలిచేసి బోసిగా చేయడం. చెట్లు నరికిన గుట్టకూ, పచ్చిక పోయిన నేలకూ వాడతారు. గంగమణి గట్టును బోసి చేసిందన్నాడు ఆఫీసరు. అంతే."

పోసవ్వకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అంటే... బర్రెలకు గడ్డి కోసిందనేనా, సారూ?"

"అంతేనమ్మా."

ఆమె కొడుకును కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ చెయ్యి వాడి తల మీద వాలి, అక్కడే ఉండిపోయింది.

"తెల్వదని ఒక్క మాటనకపోతివి కొడుకా," అంది.