పేరు చివరి మాట

భాస్కర్‌ని చంపడానికి వాళ్ళకి తుపాకీ కూడా అవసరం కాలేదు.

1987 అక్టోబర్. జెర్సీ సిటీ స్టేషన్‌లో మాన్‌హాటన్ రైలు కోసం ఆఫీసు జనం తోసుకుంటున్నారు. ఎవరో భాస్కర్ చొక్కా మీద కాఫీ ఒలకబోశారు. "సో సారీ" అంటూ రుమాలుతో తుడిచారు. ఆ రుమాలులో సూది ఉంది. రైలు తలుపులు మూసుకునేసరికి అతను ప్లాట్‌ఫామ్ మీద వెల్లకిలా పడి ఉన్నాడు.

పోలీసులు గుండెపోటన్నారు. అతని భార్య శాంతి కూడా అదే నమ్మింది. నమ్మనిది అతనితో పనిచేసే నవోమి ఒక్కతే. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. భాస్కర్‌ని చంపబోతున్నారని ఆమె ముందే రిపోర్ట్ ఇచ్చింది మరి.

"మీరు కొట్టేశారు," అంది చీఫ్ హాలోవే టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి. "నేను రాసిన పేరాని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. కొట్టేసింది భాస్కర్‌ని సార్!"

హాలోవే తాపీగా పైపు వెలిగించుకున్నాడు. "కూర్చో నవోమి. బొమ్మల పుస్తకంలో ఎవడో వంటవాడి పేరుకి తోక ఊడిందని ఆపరేషన్ ఆపేయమంటావా?"

ఆమె కూర్చోలేదు.

ఆ ఆఫీసు ఫెడరల్ ప్రభుత్వంలో పేరు బయటికి రాని విభాగానిది. ఆపరేషన్ పేరు 'క్రేన్'. జెర్సీ సిటీలో క్రేన్ కామిక్స్ అనే చిన్న కంపెనీ ఉంది. జపాన్ బొమ్మల కథల్ని, అంటే మాంగాని, ఇంగ్లీషులోకి మార్చి అచ్చువేస్తుంది. దాని చాటున ఒక విదేశీ ముఠా అమెరికన్ నేవీ రహస్యాలు దొంగిలించి, ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకి అమ్ముతోంది. బొమ్మల్లోని మాటల బుడగల్లో ఇంగ్లీషు అక్షరాలు రాసే ఆర్టిస్టుగా, విభాగం పంపగా, భాస్కర్ అందులో చేరాడు. ముఠాలోంచే విభాగానికి సమాచారం అందించే డబుల్ ఏజెంట్ ఇంకొకరున్నారు. ఆమె రేకో, కంపెనీ ట్రాన్స్‌లేటర్. నడిచొస్తుంటే హాలోవే పైపు ఆరిపోయేంత అందగత్తె. టోక్యో నుంచి వచ్చే ప్రతి ఎపిసోడ్‌నీ ఇంగ్లీషు చేసి, ముందుగా హాలోవేకే చూపించేది.

ఆ ఇంగ్లీషులో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. ఉన్నదంతా జపనీస్‌లోనే ఉందని నవోమికి తెలుసు. ఆమె తండ్రి నర్సాపురం మిషన్ ఆసుపత్రి డాక్టర్. అమెరికా రాకముందు కోబె నగరంలో చాలాకాలం పనిచేశాడు. నవోమి అక్కడి బడిలోనే చదివింది. నవోమి అనే పేరు జపాన్‌లోనూ ఆడపిల్లలకి ఉంటుంది కాబట్టి తొందరగానే కలిసిపోయింది. అక్కడ పేరు చివర ముద్దుకో మర్యాదకో ఒక మాట తగిలిస్తారు. స్నేహితురాళ్ళకి ఆమె నవోమి-చాన్. టీచర్లకి నవోమి-సాన్. ఒకనాడు ప్రాణస్నేహితురాలు పోట్లాడి, 'చాన్' తీసేసి, ఉత్తి పేరుతో పిలిచింది. చెంప మీద కొట్టినా అంత బాధపడేది కాదు నవోమి.

"వినండి సార్. ఆ కథలో టీ దుకాణం నడిపే ఆమె వంటవాణ్ణి ఎప్పుడూ 'గెంటా-కున్' అంటుంది. మన భాషలో 'బాబూ' అన్నట్టు. ఆ వంటవాడు కథలోకి ఎప్పుడొచ్చాడు? భాస్కర్ ఉద్యోగంలో చేరాక. వాడి కనుబొమ్మ మీద పుట్టుమచ్చ గీశారు. భాస్కర్‌కీ అక్కడే ఉంది. పోయిన ఎపిసోడ్‌లో ఆమె ఉన్నట్టుండి 'గెంటా' అని పిలిచింది. వాడి పేరు చివరి మాట తీసేసింది, వీళ్ళు భాస్కర్ ప్రాణం తీసేశారు. అదీ వాళ్ళ కోడ్."

"రేకో ఏమీ లేదంది."

"రేకో ఇంగ్లీషులో అది వదిలేస్తే మీకెలా కనబడుతుంది!"

"ఆమె టోక్యోలో పుట్టింది. నువ్వు ఇండియాలో పుట్టావు." హాలోవే పొగ వదిలాడు. "సెలవు తీసుకో. నీకు రెస్ట్ కావాలి."

నవోమి తలుపు ధడాల్న వేసి బయటికొచ్చింది. సెలవు మాత్రం తీసుకోలేదు.

శనివారం మధ్యాహ్నం కొత్త ఎపిసోడ్ చేతికొచ్చింది. టీ దుకాణంలో దీపాల పండగ. ఒక ముసలి వైద్యుడికి శాలువా కప్పుతున్నారు. అతని కళ్ళజోడు నుదుటి మీద ఉంది. ఇంతకాలం 'మునెదా-సెన్సెయ్' అంటూ వంగి దండం పెట్టిన దుకాణం ఆమె, ఈసారి నవ్వుతూ "మునెదా" అంది. అంతే. 'డాక్టరుగారూ' అనే ఆ సెన్సెయ్ లేదు.

నవోమి ఆ బొమ్మని మళ్ళీ చూసింది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని తిరిగే పెద్దమనిషి ఆమెకి తెలుసు. డాక్టర్ దక్షిణామూర్తి, సబ్‌మెరైన్ లోహాల సైంటిస్టు. ఆయన ల్యాబ్‌లో ఫార్ములా దొంగిలించిందెవరో సోమవారం కోర్టులో చెప్పబోతున్నాడు. ఈ సాయంత్రమే ఐసెలిన్‌లో తెలుగువాళ్ళు ఆయనకి సన్మానం చేస్తున్నారు.

హాలోవేకి ఫోన్ చేసింది. "మేం అక్కడే ఉంటాం. రేకో కూడా వస్తోంది. నువ్వు రావద్దు, ఇట్స్ యాన్ ఆర్డర్," అని పెట్టేశాడు. నవోమి రిసీవర్‌ని విసిరికొట్టి కారు తీసింది.

ఆ సన్మానానికి వంటలు చేస్తున్నది ఆమె చర్చిలోని కరుణమ్మ. నవోమి నేరుగా వంటగదిలోకి వెళ్ళింది.

"ఆంటీ, మీ ఏప్రన్ ఒకటివ్వండి. నేను వడ్డిస్తాను."

"అదేంటమ్మా, గవర్నమెంట్ జాబ్ చేసేదానివి! అయినా ఎందుకంత కోపంగా ఉన్నావ్?"

"తర్వాత చెప్తాను ఆంటీ. ఎవరైనా అడిగితే మీ అక్కననండి."

తెల్లవిగ్గు, పాత నేతచీర, లావు కళ్ళద్దాలు. కళ్ళద్దాల కమ్మీలో ఉన్న చిన్న అద్దంలో వెనకవైపు కూడా కనబడుతుంది. సాంబారు బకెట్ పట్టుకుని ఆమె హాల్లోకి వచ్చింది. హాలోవే ముందువరసలో ఉన్నాడు. పక్కన రేకో, ఆకుపచ్చ సిల్కు గౌనులో. హంతకుడు ఎవరు? అతిథులా, వాలంటీర్లా, పత్రికలవాళ్ళా? అందరూ తిరుగుతూనే ఉన్నారు.

దక్షిణామూర్తి దగ్గర వంగి గొంతు తగ్గించింది. "డాక్టరు గారూ, దయచేసి లోపలికి రండి. ప్రమాదం."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. "శాలువా కప్పాక వస్తానమ్మా. సాంబారు తర్వాత వేద్దువుగాని." ఆయనకి సగం వినబడలేదు.

అప్పటికే మైకులో పేరు పిలిచారు. ఆయన వేదిక ఎక్కాడు. ఫొటోగ్రాఫర్లు బిలబిలమంటూ ముందుకొచ్చారు. కెమెరాలన్నీ ఆయన గుండెకేసి తిరిగాయి. ఒక కెమెరా ఫ్లాష్‌లో సన్నటి గొట్టం తళుక్కుమంది. ఏ కెమెరా? మెరిసింది, మళ్ళీ గుంపులో కలిసిపోయింది.

శాలువా మడత విప్పుతున్నారు.

నవోమి బకెట్‌తోనే ఒక్క అంగలో వేదిక ఎక్కి అనౌన్సర్ చేతిలోని మైకు లాక్కుంది. గొంతు బొంగురు చేసి, పైవాడు కిందివాడిని అదిలించే జపనీస్‌లో అరిచింది:

"ఒమాయే! మతే!"

ఒరేయ్, ఆగు! జపాన్‌లో ఎదుటి మనిషిని పిలవడానికి చాలా మాటలున్నాయి. ఆ స్వరంలో ఈ మాట యజమాని తప్ప ఇంకెవరూ అనరు. హాలు నిండా ఉన్న తెలుగువాళ్ళు ఈ వంటామెకి పిచ్చెక్కిందేమో అన్నట్టు చూశారు. ఒక్క ఫొటోగ్రాఫర్ చెయ్యి మాత్రం షట్టర్ మీద బిగుసుకుపోయింది. వాడు మైకుకేసి చూడలేదు. 'ఆపమన్నది మీరేనా' అన్నట్టు ముందువరసకేసి చూశాడు.

రేకోకేసి.

ఆ ఒక్క చూపు చాలు. పొగలు కక్కే సాంబారు బకెట్ గాల్లోకి లేచి వాడి మొహాన పడింది. వాడి వేలు జారింది. సూది దక్షిణామూర్తి చెవి పక్కనుంచి దూసుకుపోయి, వెనకున్న బ్యానర్‌లో గుచ్చుకుంది.

రేకో పర్సు తెరిచింది. లిప్‌స్టిక్ సైజు పిస్టల్ బయటికి రాబోతుండగా నవోమి వేదిక మీదనుంచి దూకి ఆమె మణికట్టు విరిచి పట్టింది. పక్కనే ఉన్న హాలోవే నోట్లోంచి పైపు జారి ఒళ్ళో పడింది.

"భాస్కర్ నీకు రోజూ కాఫీ తెచ్చిచ్చేవాడు," అంది నవోమి పళ్ళబిగువున. "నిన్ను రేకో-సాన్ అనేవాడు. ఒక్కరోజు కూడా 'సాన్' మర్చిపోలేదు."

రేకో అందమంతా ఒక్కసారి రాలిపోయింది. ముఠాకి పైవాడెవరో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు, అది రేకోయే. ప్రతి ఎపిసోడ్ ఇంగ్లీషులో పేర్ల చివరి మాటలు నున్నగా చెరిపేసి, హాలోవే చేతికి ఉత్తి కాగితం ఇచ్చింది ఈమే. బేడీలు పడుతుంటే నవోమి కళ్ళలోకి చూసి, ఒక్కొక్క అక్షరం నమిలి ఉమ్మినట్టు అంది: "కిసామా."

పోలీసులు తీసుకుపోయారు. సైంటిస్టుగారు శాలువా కప్పుకుని మంచినీళ్ళు తాగుతున్నాడు. హాలోవే ప్యాంటు మీది బూడిద దులుపుకుంటూ వచ్చాడు. అప్పుడే అతని మొహం మీద పైవాళ్ళకి రాయబోయే రిపోర్ట్ కనబడుతోంది. భాస్కర్ పేరు ఒక్కసారి కూడా అనలేదు.

"గుడ్ వర్క్. ఫైల్‌లో పెట్టాలి, ఆఖరికి ఏమంది నిన్ను?"

కిసామా. 'నువ్వు' అనడానికే జపాన్‌లో ఉన్న అతి నీచమైన మాట. నవోమికి దానికి సరిపడే తెలుగు మాటలు బోలెడు గుర్తొచ్చాయి. అన్నీ నర్సాపురం రేవులో విన్నవే. అన్నీ ఎదురుగా నిలబడ్డ మనిషికి కొలత తీసి కుట్టినట్టు సరిపోతాయి. విగ్గు తీసి అతని చేతిలో పెట్టి, ఇంగ్లీషులో చెప్పింది.

"'యూ' అంది సార్."