పప్పు మాడిన బొమ్మ

ట్రామ్ తలుపు ముఖం మీదే మూసుకుపోవడంతో ఆ పెద్దమనిషి చేసేదిలేక బెంచీ మీద కూలబడి చెంపన చెయ్యి పెట్టుకున్నాడు. స్టాప్‌లో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. అందరి కంటితెరల్లోనూ ఆయన పక్కన 'పప్పు మాడిన బొమ్మ' ప్రత్యక్షమైంది మరి. కాసేపటికి ఆయనా నవ్వేశాడు. అచ్యుత్ మాత్రం కొడుకు క్లాసులో ఫస్టొచ్చిన తండ్రిలా చుట్టూ చూసుకున్నాడు. ఆ బొమ్మను లోకానికిచ్చింది అతనే.

కనుపాపకు అంటుకునే ఈ తెరలు వచ్చాక మనుషులు మాటలు ఖర్చుపెట్టడం తగ్గించారు. ఎదుటి మనిషి ఎలా నిలబడ్డాడో, ఎలా కూర్చున్నాడో చూసి, దానికి సరిపోయే పాతకాలపు చిత్రాన్ని కొంటె వాక్యంతో సహా చూపించడం తెర పని. ఆ చిత్రాలను ఏరి, కోసి, వాక్యాలు అతికించడం అచ్యుత్‌లాంటి నవ్వుచిత్రకారుల పని. పప్పు మాడిన బొమ్మకు మూలం ఒక జమీందారు మేడలో దొరికిన తైలవర్ణ చిత్రం. అందులో జాలరి భార్య గోడకు చేరగిలబడి ఉంటుంది. చెంపన ఒక చెయ్యి, ఒడిలో వెల్లకిలా ఇంకో చెయ్యి. పాదాల దగ్గర తడిసిన తలపాగా. సముద్రంలోంచి మనిషి రాలేదు, అదొక్కటే వచ్చింది. తలపాగా కనిపిస్తే ఎవరికీ నవ్వు రాదని అచ్యుత్ దాన్ని కత్తిరించేసి, కింద 'పప్పు మాడింది' అని రాశాడు. అతని అక్క వకుళ కూడా ఆ బొమ్మ చూసి పడీపడీ నవ్వింది. వంటింట్లో ఏది మాడినా బావ శ్రీకర్ ఆమెకు దాన్నే చూపించి ఏడిపించేవాడు.

అచ్యుత్ తర్వాతి ట్రామ్ ఎక్కబోతుండగా అక్క పొరుగింటావిడ గొంతు చెవిలో వినిపించింది. బావ ఆఫీసు మెట్ల మీద కుప్పకూలిపోయాడట, ఆసుపత్రికి చేరేదాకా కూడా దక్కలేదట.

చావు జరిగిన ఇంటి గడప దగ్గర చెప్పులతోపాటు కంటితెరలు కూడా విడవడం అప్పటికే ఆనవాయితీ. తెర లేకపోతే బొమ్మ ఉండదు, బొమ్మ లేకపోతే నవ్వు రాదని తెరలు తయారుచేసినవాళ్లు లెక్కేశారు. అచ్యుత్ తన తెరలను గుమ్మం పక్కనున్న నీళ్లగిన్నెలో వేసి లోపలికి వెళ్లాడు.

హాల్లో బావను పడుకోబెట్టారు. గోడ వారగా అక్క కూర్చుంది. చెంపన ఒక చెయ్యి, ఒడిలో వెల్లకిలా ఇంకో చెయ్యి.

అచ్యుత్‌కి నవ్వొచ్చింది.

పెదవులు బిగబట్టాడు, అయినా ముక్కులోంచి తన్నుకొచ్చింది. గదంతా వినబడింది. అంతదాకా ఉగ్గబట్టుకున్నవాళ్లు ఇక ఆగలేకపోయారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు దగ్గు నటిస్తూ వాకిట్లోకి నడిచారు. తెరలన్నీ గిన్నెలోనే ఉన్నాయి, బొమ్మ మాత్రం ఎవరి తలలోంచీ పోలేదు. సిగ్గుతో అతనికి అక్కడే చచ్చిపోవాలనిపించింది. అక్క పక్కన చతికిలబడి, భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు.

వకుళ అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండుననుకున్నాడు.

"నీ బొమ్మలా ఉన్నాను కదరా," అంది.

అతను తల దించుకున్నాడు. క్షమించమందామనుకున్నాడు. నోరు తెరిస్తే మళ్లీ నవ్వొస్తుందేమోనని భయం వేసింది.

"మరి ఎలా కూర్చోమంటావో నువ్వే చెప్పు తమ్ముడూ. అలాగే కూర్చుంటాను."

అచ్యుత్ నిజంగానే వెతికాడు. మోకాళ్లలో తల పెట్టుకోవడం, గుండె మీద చెయ్యి వేసుకోవడం, కొంగులో ముఖం దాచుకోవడం. తను కోసి వాక్యం అతికించకుండా వదిలిన ఏడుపు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

వకుళ చెంప మీది చెయ్యి తీసేసింది. ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా సర్దుకుని, రెండు చేతులూ ఒడిలో గట్టిగా పట్టుకుంది. బావను తీసుకెళ్లేదాకా ఆ చేతులు ముఖం దాకా రాలేదు. కన్నీళ్లు గడ్డం మీదుగా మణికట్టు మీదికి కారుతూనే ఉన్నాయి. తుడవడానికి అచ్యుత్ చెయ్యి లేవలేదు.