ఇమ్మాన్యుయేల్ కనుబొమ మీది గీత

"దీనికంటె గరుకు స్క్రబ్ లేదా?"

అడిగినవాడి ముఖం చూసి సుజితకు ఒళ్లు మండింది. బుగ్గలు కందిపోయి, ముక్కు పక్కన తోలు పొరలుగా లేస్తోంది. బొగ్గుగనుల ఊరు గోదావరిఖని మార్కెట్‌లో కాస్మెటిక్స్ షాపు నడిపే సుజిత, ఎవరి చర్మం పాడైనా తన సొమ్మేదో పోయినట్టు బాధపడుతుంది.

"ముఖం దేంతోని కడుగుతున్నవన్నా?"

"బట్టల సబ్బు, కొబ్బరిపీచు. గనిల పని కదా, రోజుకు నాలుగుసార్లు. అన్న అనకు, నా పేరు ఇమ్మాన్యుయేల్."

"ముఖం కడుగుతున్నవా, గిన్నెలు తోముతున్నవా? బొగ్గు అంటుకుంటదని ఆయిలీ స్కిన్ అనుకుంటున్నవ్. నీది డ్రై స్కిన్."

అతను గొంతు తగ్గించాడు. "గీ ఒక్కటి పోతలేదు."

ఎడమ కనుబొమ పైన సన్నటి నీలినలుపు గీత. గనిలో దెబ్బ తగిలి గాయంలో బొగ్గుపొడి చేరితే అలాంటి మచ్చ పడుతుంది, జన్మలో పోదు. కానీ అతనికి దెబ్బే తగల్లేదట.

"మా బాపుకు అచ్చం గిక్కడ్నే ఉండె. ముప్పై ఒక్క ఏండ్లు నిండిన నాడే గనిల పైకప్పు కూలి పానం ఇడిసిండు. నేను పెద్దయినంక ఆయన నౌకరీ నాకిచ్చిన్రు. వచ్చే శుక్రవారం నాకు ముప్పై ఒకటి నిండుతయ్. గీత రోజింత పెరుగుతున్నది."

సుజితకు లోపల భయం వేసింది. బయటికి మాత్రం దబాయించింది.

"ముందు రుద్దుడు బంద్. పొద్దుగాల మెత్తటి ఫేస్‌వాష్, తడి ఆరకముందే మాయిశ్చరైజర్, దాని మీద సన్‌స్క్రీన్."

"గనిల ఎండ కొడ్తదా?"

"గని దాక బండి మీద పోతవ్ కదా! డ్యూటీ దిగినంక కొబ్బరినూనె రాసి, దూదితోని బొగ్గు తుడువాలె. మల్ల ఫేస్‌వాష్, మల్ల మాయిశ్చరైజర్. రోజు వచ్చి ముఖం చూపెట్టాలె."

"రోజా?" మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు బాగుందని సుజిత వెంటనే ఒప్పేసుకుంది.

పొద్దుటి షిఫ్టు దిగి, స్నానం చేసి రోజూ వచ్చాడు. ఎరుపు తగ్గింది, పొరలు పోయాయి. గీత మాత్రం పెరుగుతూనే ఉంది. "తగ్గింది" అని ఆమె అబద్ధం చెప్పేది. నిజం చెబితే మళ్లీ కొబ్బరిపీచు పట్టుకుంటాడని భయం.

గురువారం తనే క్రీము రాసింది. ముఖమంతా వెచ్చగా ఉంటే, గీత ఉన్నచోట మాత్రం బోరింగు నీళ్లంత చల్లగా తగిలింది. వేలి కింద అది కదిలింది కూడా. అయినా ఆమె వేలు తీయలేదు. ఇతను లేకుండా బతకడం తన వల్ల కాదని అప్పుడే తెలిసింది.

"రేపు డ్యూటీకి పోకు."

"పోకుంటె జిందగీ అంత అద్దం చూసి భయపడాలె, సుజితా."

శుక్రవారం ఆమె షాపు మూసి, నూనె సీసా, దూది పట్టుకుని గని గేటు దగ్గర నిలబడింది. షిఫ్టు దిగింది. వచ్చేవాళ్లందరివీ ఒకే నల్లటి ముఖాలు. ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. ఆమె కనుబొమలే చూసింది.

గీత కనిపించింది.

పరుగున వెళ్లి, దూది నూనెలో ముంచి అతని నుదురు తుడిచింది. చల్లదనానికి వేళ్లు జివ్వుమన్నాయి. దూది తెల్లగానే ఉంది.

"మా పిల్లగాడు ఎనుక వస్తుండు. మంచిగ చూస్కో, బిడ్డా," అన్నాడతను. ఎండలోకి నడిచి వెళ్లాడు. నేల మీద నీడ పడలేదు.

ఆమె అటే చూస్తుండగా గేటులోంచి ఇమ్మాన్యుయేల్ వచ్చాడు. "కప్పు కూలింది, సుజితా. ఎవరో రెక్క పట్టి గుంజిన్రు. తిరిగి చూస్తె ఎవ్వరు లేరు."

ఆమె కొత్త దూదితో అతని నుదురు తుడిచింది. దూది నల్లబడింది. కనుబొమ పైన ఏ గీతా లేదు.

"ఇప్పటిదాక ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అడిగాడు.

సుజిత ఖాళీ రోడ్డు వైపు చూస్తూ, అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా మామతోని."